సుద్దనేల మీద రెండు షార్డొనేలు

షాంపేన్ సంగతి తెలుగు పాఠకుడికి కొత్తగా చెప్పక్కర్లేదు. కార్ల పందెంలో గెలిచినవాడు ఊపి ఊపి పక్కవాళ్ల మీద చిమ్మేదీ, సినిమాల్లో షావుకారు పార్టీలో టప్పున తెరుచుకునేదీ అదే. తాగినవాళ్లు కొందరే అయినా దాని హోదా ఎరగనివాళ్లు లేరు. ఆ హోదాకు ఆధారమైన సుద్దనేల మాత్రం ఫ్రాన్సు సరిహద్దు రాగానే ఆగిపోలేదు. ఉత్తరాన బెల్జియంలోనూ అక్కడక్కడా పైకి తేలింది. దాని మీద ఇప్పుడు ద్రాక్ష పండిస్తున్నారు. బీరుకూ చాక్లెట్‌కూ పేరుపడ్డ దేశంలో వైన్ ఏమిటని ముందుగా నవ్వింది బెల్జియం వాళ్లే. ఇప్పుడు ఎగబడి కొంటున్నదీ వాళ్లే.

ఆ దేశంలో రెండు తోటలంటే నాకు సమానమైన ఇష్టం. ఒకటి ఫ్రెంచి మాట్లాడే వలోనియాలో, ఎనో ప్రావిన్సులో, మోన్స్ నగరానికి దగ్గర్లోని ఓల్షాన్ పల్లెది. బాన్ష్ ఊరి వైన్ వ్యాపారి రేమోన్ లెర్వా ఒక స్థానిక రైతునూ, షాంపేన్ సీమలో చెయ్యి తిరిగినవాళ్లనూ కలుపుకొని 2002లో అక్కడ తీగలు నాటించాడు. తోట పేరు అగేజ్. జనం నోట నిలిచింది మాత్రం సీసా పేరే, రుఫుస్. అక్కడ చేసేది బుడగల వైన్. రెండోది డచ్చి మాట్లాడే ఫ్లాండర్స్‌లో, లింబర్గ్ ప్రావిన్సులో, టాంగరెన్‌కూ మాస్ట్రిక్ట్‌కూ మధ్యనున్న గెనూల్స్ ఎల్డెరెన్ కోట. 1990 దశకం మొదట్లో వాన్ రెన్నెస్ కుటుంబం ఆ కోటను కొని, చుట్టూ షార్డొనే, పినో న్వార్ తీగలు వేసింది. దాని పేరు నిలిపింది బుడగల్లేని తెల్ల వైన్.

రెండింటికీ ఆధారమైన ద్రాక్ష ఒకటే, షార్డొనే. దేశమూ ఒకటే. రెండూ 50వ అక్షాంశానికి పైనే. తీగకు అదే పొలిమేర అని పాత పుస్తకాలు చెప్పేవి. అయినా రెండు గ్లాసులూ పక్కపక్కన పెడితే ఒకదాన్ని చూసి రెండోదాన్ని ఊహించడం కష్టం. ఎక్కడ విడిపోయాయో వెతుక్కుంటూ వెళ్తే విడిపోని చోట్లే ముందు కనిపిస్తాయి.

మొదటి చుట్టరికం కాళ్ల కిందే ఉంది. రెండు చోట్లా నేల అడుగున ఉన్నది డైనోసార్ల కాలం చివరిలో ఇక్కడ నిలిచిన సముద్రం వదిలి వెళ్లిన తెల్ల పొరలే. మాస్ట్రిక్ట్ దగ్గర కొండలో 18వ శతాబ్దంలో ఒక రాకాసి సముద్రపు బల్లి పుర్రె దొరికింది. ఫ్రెంచి సైన్యం ఆ ఊరిని పట్టుకున్నప్పుడు ఆ పుర్రెను పారిస్‌కు తరలించింది, ఇప్పటికీ అక్కడే ఉంది. అలాగే మోన్స్ దగ్గరి సుద్దలో అదే వంశానికి చెందిన మరో బల్లి బయటపడితే 1885లో లూయీ డొల్లో దాన్ని వర్ణించాడు. రెండు చోట్లా మనుషులు ఈ తెల్ల పొరల్లోకి చొరబడ్డారు కూడా. ఓల్షాన్‌కు కాస్త దూరంలో స్పియెన్ ఉంది. చెకుముకిరాయి కోసం కొత్త రాతియుగపు మనుషులు అక్కడ సుద్దలోకి నిలువు బావులు తవ్వుకుంటూ దిగారు. 2000లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. గెనూల్స్ ఎల్డెరెన్ వైపు సొరంగాలకు అంత దూరపు చరిత్ర అక్కర్లేదు. ఇళ్లకు రాయి కోసుకోగా మిగిలిన గుహల్లో పుట్టగొడుగులు పెంచేవాళ్లు. 1958 డిసెంబరులో జిఖెన్ ఊళ్లో అలాంటి గుహ ఒకటి కూలి 18 మంది చనిపోయారు.

వైన్ గురించి చెబుతూ ఇంత లోతుకు ఎందుకు దిగాలంటే, తీగ వేరు కూడా అక్కడికే దిగుతుంది కాబట్టి. సుద్ద వాన నీటిని పీల్చుకుని దాచుకుంటుంది, అదనపు నీటిని కిందికి వదిలేస్తుంది. వానలకు కొదవలేని దేశంలో తీగ కాళ్లు తడిసి కుళ్లకుండా ఉండటమే పెద్ద అదృష్టం. ఆ అదృష్టం ఇద్దరికీ ఉంది. తేడా పై పొరలో. లింబర్గ్‌లోని హాస్పెంగౌ సీమలో సున్నపు పొర మీద గాలి మోసుకొచ్చి పరిచిన మెత్తని సారవంతమైన మట్టి ఉంటుంది. అది ఆపిల్, బేరి, చెర్రీ తోటల సీమ. ఆ తోటల్లో కాయ కోతకు 1980ల నుంచీ పంజాబీ సిక్కులు వచ్చి స్థిరపడ్డారు, సింట్ త్రౌడెన్‌లో వాళ్ల గురుద్వారా కూడా ఉంది. ఓల్షాన్‌లో సుద్ద పైపైనే తగులుతుంది, చెక్కలు చెక్కలుగా దుక్కిలో లేస్తుంది.

ఇక చలి. హైదరాబాదు చుట్టుపక్కల అనాబ్-ఎ-షాహీ పందిళ్లు చూసిన పాఠకుడికి తీగ ఏడాది పొడవునా మేలుకునే ఉంటుందని తెలుసు. ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబరులో మరోసారి కత్తిరిస్తే గాని అది మన దారికి రాదు. మన రైతు బాధ దానికి కునుకు పట్టకపోవడం. బెల్జియం రైతు బాధ అది తొందరపడి నిద్ర లేవడం. మార్చిలో రెండు వారాలు ఎండ కాస్తే మొగ్గ విచ్చుకుంటుంది, ఏప్రిల్ చివర ఒక్క రాత్రి మంచు గడ్డకడితే ఆ మొగ్గ నల్లబడి రాలిపోతుంది. అందుకే ఆ రాత్రుల్లో తీగల వరసల మధ్య మైనపు డబ్బాలు వెలిగించి తెల్లవార్లూ కాపలా కాస్తారు. రుఫుస్‌లోనూ కోటలోనూ రైతుకు ఆ జాగారం తప్పదు.

ఆ గండం గడిచాక కూడా చలి వదిలిపెట్టదు. గుత్తి నెమ్మదిగా పండుతుంది, చక్కెర ఆలస్యంగా చేరుతుంది, పులుపు ఒక పట్టాన తగ్గదు. సరిగ్గా ఇక్కడే దారులు చీలిపోతాయి. రుఫుస్‌కు ఆ పులుపే పెట్టుబడి. బుడగల వైన్‌కు మొదట కావలసింది పదిశాతం ఆల్కహాలు తేగలిగినంత చక్కెర, పళ్లు జివ్వుమనిపించేంత పులుపు. మిగతాది సీసాలో జరుగుతుంది. గెనూల్స్ ఎల్డెరెన్ తెల్ల వైన్‌కు పండు ఇంకా ముదరాలి, పన్నెండు శాతం దగ్గరకైనా రావాలి, పులుపు వెన్నెముకగా ఉండాలి గాని ముందుకు వచ్చి మాట్లాడకూడదు. కాబట్టి మొదటివాడు కోత ముగించి గానుగ కడుక్కుంటున్న వేళకు రెండోవాడు ఆకాశం వైపు చూస్తూ ఇంకో వారం ఆగుదామా అని తర్జనభర్జన పడుతుంటాడు. ఆ వారంలో ఎండ కాస్తే వైన్‌కు కండ పడుతుంది. వాన పడితే బూజు పడుతుంది. చక్కెర చాలకపోతే పులిసే రసంలో చక్కెర కలుపుకోవచ్చని యూరప్ చట్టం ఇలాంటి చలి మండలాలకు అనుమతిచ్చింది, మూడు శాతం ఆల్కహాలు పెరిగేంత వరకూ. దాన్ని మోసం అనేవాళ్లతో నేను ఏకీభవించను. ఆల్కహాలు ఆ విధంగా తెచ్చుకోవచ్చు, పండిన రుచిని తేలేం. తేడా నాలుకకు తెలిసిపోతుంది.

బుడగలు పుట్టే పద్ధతి షాంపేన్ వాళ్లదే, అందులో దాపరికమేమీ లేదు. పులిసి ముగిసిన పలుచని తెల్ల వైన్‌లో లీటరుకు 24 గ్రాముల వరకూ చక్కెర, కాస్త ఈస్టు వేసి సీసాలో బిగిస్తారు. లోపల మళ్లీ పులుస్తుంది, పుట్టిన వాయువుకు బయటికి దారి ఉండదు, వైన్‌లోనే కరుగుతుంది. చివరకు ఆ సీసాలో ఒత్తిడి కారు టైరులో ఉన్నదానికి రెండింతలు దాటుతుంది. పని ముగించుకున్న ఈస్టు చచ్చి అడుగున మడ్డిగా కూర్చుంటుంది. ఆ మడ్డి మీద వైన్ కనీసం 9 నెలలు పడుకోవాలి. షాంపేన్‌కైతే సీసాలో మొత్తం 15 నెలలు. అప్పుడే రొట్టె కాల్చిన వాసన పడుతుంది. తరవాత సీసాను మెల్లగా తిప్పుతూ తలకిందులు చేసి, మడ్డిని మెడలోకి దించి, మెడను గడ్డకట్టించి ఊడగొట్టి, తీపి కావలసినంత కలిపి బిరడా వేస్తారు. రుఫుస్‌లో బ్రూట్ సోవాజ్ అనే రకం ఉంది, నాకు అన్నిటికన్నా నచ్చేది అదే. తీపి అనే పైకప్పు తీసేసిన వైన్ అది. పచ్చి ఆపిల్, నిమ్మతొక్క, ఆ వెనక తడి సుద్ద. మొదటి గుక్క కాస్త కసురుకుంటుంది, రెండో గుక్కకు మనమే దగ్గరికి జరుగుతాం.

కోటలో పని ఇంత హంగామాగా ఉండదు. బంగారం అనే పేరుతో వచ్చే వాళ్ల షార్డొనే ఓక్ పీపాల్లో పెరుగుతుంది. పీపాలో ఈ రకం వైన్‌కు జరిగే మార్పుల్లో పెద్దది, పచ్చి ఆపిల్ పులుపును బాక్టీరియా పెరుగు పులుపుగా మార్చడం. చక్కెర తగ్గదు, ఆల్కహాలు పెరగదు, కసి మాత్రం తగ్గి కమ్మదనం వస్తుంది. గ్లాసులో పోస్తే రంగు పేరుకు తగ్గట్టే ఉంటుంది. వెన్న, వేయించిన హేజెల్ గింజ, పండిన బేరి ముందు వస్తాయి. పొరపాటున బర్గండీ అనుకుని గ్లాసు దించబోతుంటే చివర్లో ఒక సన్నని పులుపు గీత నాలుక పక్కనుంచి పోతుంది. అది బర్గండీలో ఉండని గీత, ఉత్తరపు గీత. వైన్ ఎంత కమ్మగా ఉన్నా ఆ గీత లేని ఏడాది నాకు వాళ్ల వైన్ రుచించదు.

ఇంతకీ ఏది ఆ నేలకు సొంతం? బుడగల వైన్‌కు అక్కడ మేనమామలే ఉన్నారు. బ్రస్సెల్స్ చుట్టుపక్కల తయారయ్యే గ్యోజ బీరును చూడండి. గాలిలో ఉండే ఈస్టుతో పులిసిన లాంబిక్‌ను ఏడాదిది, రెండేళ్లది, మూడేళ్లది కలిపి సీసాలో పోస్తారు. సీసాలో మళ్లీ పులిసి బుడగలు పుడతాయి, బిరడా, దాని మీద తీగ చుట్టడం అన్నీ షాంపేన్ తరహానే. పులుపును ఇష్టంగా తాగడం, ఏళ్లను కలపడం, సీసాలో రెండోసారి పులియబెట్టడం ఆ దేశానికి పరాయివి కావు. బాన్ష్ ఊరి సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆ ఊరి కార్నివాల్‌లో ఉష్ట్రపక్షి ఈకల తురాయిలతో నారింజలు విసిరే జీల్ అనే వేషగాళ్లకు పొద్దున్నే షాంపేన్ పోయడం ఆచారం. అలాంటి ఊరి వ్యాపారి బుడగల వైన్ తప్ప ఇంకేం చేస్తాడు?

అయితే బుడగల్లేని వైన్ నిన్న దిగిన అతిథి అనుకుంటే పొరపాటే. 1384 నుంచి 1477 దాకా ఫ్లాండర్స్ బర్గండీ డ్యూకుల ఏలుబడిలో ఉంది. బర్గండీ తోటల్లో గమే తీగను పీకించి పినో న్వార్‌ను నిలిపిన 1395 నాటి ఫర్మానా ఇచ్చిన ఫిలిప్పే ఫ్లాండర్స్‌కూ దొర. మంచి బర్గండీ తాగాలంటే బెల్జియం ఇళ్ల నేలమాళిగలకు వెళ్లాలని వైన్ లోకంలో ఒక నానుడిలాంటిది ఉంది. మూజ్ నది ఒడ్డున మఠాల వాళ్లు మధ్యయుగంలోనే ద్రాక్ష పండించారు. చలి ముదిరి, యుద్ధాలు వచ్చి, బీరు బలపడి ఆ తోటలు పోయాయి. గెనూల్స్ ఎల్డెరెన్ చర్చికి చెందిన 8వ శతాబ్దపు దంతపు పలకల జత ఇప్పుడు బ్రస్సెల్స్ మ్యూజియంలో ఉంది. ఒక పలక మీద క్రీస్తు మృగాలను తొక్కుతూ నిలబడి ఉంటాడు. అంత పాత ఊరికి షార్డొనే కొత్త చుట్టం కావచ్చు గాని వైన్ కాదు.

ఒక సరదా పని చేసి చూశాను. రుఫుస్‌ను గ్లాసులో పోసి బుడగలు పూర్తిగా చచ్చేదాకా వదిలేశాను. వైన్ మర్యాద తెలిసినవాళ్లు దీన్ని క్షమించరు. బుడగలు పోయాక మిగిలింది సన్నగా, ఉప్పగా, మొండిగా పుల్లగా ఉంది. కోట వారి బంగారం పక్కన పెడితే దానికి ఒంటి మీద బట్టల్లేనట్టే. దీన్నిబట్టి బుడగల వైన్ లోపల సరుకు లేదంటారా? కాదు. ఆ సన్నదనం కావాలనే ఉంచింది. బుడగ ఎత్తి పట్టుకోవాలంటే బరువు తక్కువ ఉండాలి. బంగారంలో ఉన్నంత ఓక్, వెన్న వేసి దాని మీద బుడగలు పెడితే మింగుడుపడదు. కాకపోతే ఒకటి ఒప్పుకోవాలి. బుడగల వైన్‌లో నేల కన్నా నేలమాళిగ గొంతే పెద్దది. మడ్డి, మిశ్రమం, తీపి మోతాదు, నిరీక్షణ అన్నీ మనిషి నిర్ణయాలే. బుడగల్లేని వైన్‌లో మనిషికి దాక్కునే చోట్లు తక్కువ. ఆ ఏడు ఎలా ఉందో సీసా తెరవగానే చెప్పేస్తుంది.

అందువల్లే చెడ్డ ఏడాదిని రెండూ ఒకలా తట్టుకోవు. బుడగల వైన్ చేసేవాడు మంచి ఏళ్ల వైన్ కొంత పక్కన పెట్టుకుని చెడ్డ ఏడాదికి కలుపుకోవచ్చు. పండీ పండని గుత్తి కూడా అతనికి పనికొస్తుంది. సంవత్సరం పేరు మీద అమ్మే తెల్ల వైన్‌కు ఆ వెసులుబాటు లేదు. అదే 2018, 2022 లాంటి వేడి ఏళ్లలో సీను తిరగబడుతుంది. కోటలో పండు తీరిగ్గా ముదురుతుంది. ఎనో రైతు మాత్రం పులుపు జారిపోకముందే కోయాలని ఉరుకులు పరుగులు పెడతాడు. ఇక 2024 వచ్చింది. ముందే విచ్చిన మొగ్గల మీద ఏప్రిల్ చివర మంచు, ఆ వెంట ఎడతెగని వాన, బూజు. 2023లో దాదాపు 34 లక్షల లీటర్లు చేసిన దేశం ఆ ఏడాది 12 లక్షల దగ్గర ఆగింది. పండే లేనప్పుడు బుడగలున్నా లేకున్నా ఒకటే.

ఆ దెబ్బ తరవాత రెండు పక్షాలకూ ఒకే ప్రశ్న ఎదురైంది. షార్డొనేనే పట్టుకుని వేలాడాలా? లీయేజ్ దగ్గర వేలమంది వాటాదార్లతో నడిచే వాన్ ద లీయేజ్ సహకార సంఘం, నామూర్ దగ్గర షెన్వా తోట మొదటినుంచీ సొలారిస్, యొహానిటర్ లాంటి సంకర రకాలు వేశాయి. వాటికి బూజు అంత తేలిగ్గా పట్టదు, మందు పిచికారీ తక్కువ. వాటితో బుడగల వైన్ చేస్తున్నారు, మామూలు వైనూ చేస్తున్నారు. రుచిలో షార్డొనే ఎత్తు అందుకున్నాయని నేను అనను, అయితే తాగి చూడకుండానే కొట్టిపారేసేవాళ్ల మాటా నమ్మను. పైగా ఇద్దరి మధ్య గీత కూడా చెరిగిపోతోంది. గెనూల్స్ ఎల్డెరెన్ వాళ్లు నల్ల ముత్యం పేరుతో బుడగల వైన్ ఎప్పటినుంచో చేస్తున్నారు. నేను దాన్ని రుఫుస్ పక్కన పెట్టి తాగినప్పుడు అది కాస్త గుండ్రంగా, వయసు మళ్లిన పెద్దమనిషిలా కనిపించింది. పీపా ఇంట పెరిగిన చెయ్యి బుడగల్లోనూ ఎక్కడో అక్కడ బయటపడుతుంది.

బెల్జియం భోజనాల్లో బుడగల వైన్‌ను గుమ్మం దగ్గరే పోసి, కూర్చోగానే తీసేస్తారు. అసలు తిండికి బుడగల్లేనిది. ఈ వరస నాకు నచ్చదు. మే నెలలో లింబర్గ్ తెల్ల ఆస్పరాగస్ వస్తుంది. దాన్ని ఉడకబెట్టి, నలిపిన గుడ్డు, కరిగిన వెన్న, పార్స్లీ వేసి వడ్డిస్తారు. దానితో బంగారం పోయండి, వెన్నకు వెన్న తోడు. ఆ తరవాతే బూడిదరంగు చిన్న రొయ్యల క్రోకెట్లు నూనెలోంచి తీసి బల్ల మీదికి తెచ్చి, అప్పుడు బ్రూట్ సోవాజ్ తెరవండి. వెన్న పట్టిన నోటికి, మరిగిన నూనె వాసనకు ఆ పులుపు అప్పుడు కావాలి. అతిథులు ముందు వెనకలు తారుమారయ్యాయని గొణుగుతారు. క్రోకెట్లు చల్లారకముందే పోసేయండి.